ఎండల్లో భువనేశ్వర్, విశాఖ: ఆటా చూడాలి, ఊరూ చూడాలి, ఎలా కుదురుతుంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వేదిక సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి వార్షిక పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. ఆ తరువాత మూడు రోజుల పాటు ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లి రావాలని అనుకుంటున్నాము. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. ఆయనకు లింగరాజస్వామి దర్శనం చేసుకోవాలని, వీలైతే ధౌళి కొండ కూడా చూడాలని ఉంది. తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయికి గుళ్ల మీద ధ్యాస లేదు. టీవీలో కాకుండా స్టేడియంలో కూర్చుని ఒక పెద్ద ఆట చూడాలన్నది వాడి కోరిక. మా ఆవిడకు కటక్ వెండి తీగపని వస్తువులు, అవి తయారయ్యే వీధిలోనే చూసి కొనుక్కోవాలని ఎప్పటి నుంచో ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఈ మూడు కోరికలూ ఒకే ప్రయాణంలో తీరతాయా అన్నది నా సందేహం. పలాస వెళ్లి రైలెక్కితే మాకు ఉత్తరాన భువనేశ్వర్ అయినా, దక్షిణాన విశాఖపట్నం అయినా ఒకటే. ఆట ఉన్న రోజునే గుడి, కొండ కూడా పెట్టుకోవచ్చునా, లేక ఆటకు ఒక రోజు పూర్తిగా వదిలెయ్యాలా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా రాయండి.

కొత్తబస్టాండు బాబాయి (బరంపురం)

మహేంద్రతనయగారూ, మీరు ముందు ఊరు ఎంచుకుని, ఆ ఊళ్లో ఏ ఆట దొరుకుతుందా అని వెతుకుతున్నట్టున్నారు. దాన్ని తిరగెయ్యండి. లింగరాజు గుడి మీరు ఏ రోజు వెళ్లినా ఉంటుంది. మ్యాచ్ మాత్రం ఆ ఒక్క పూటే ఉంటుంది. కాబట్టి ముందు ఆట తేదీ పట్టుకోవాలి, తేదీని బట్టి ఊరు, ఊరిని బట్టి గది. టికెట్టు చేతికి వచ్చేదాకా, రద్దు చేసుకునే వీలు లేని గదికి డబ్బు కట్టకండి.

ఎండ సంగతికి వస్తే, మార్చి నెలాఖరుకే భువనేశ్వర్‌లో 37, 38 డిగ్రీలు మామూలే. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే రోజులు తక్కువేమీ కావు. అంత ఎండలో రోజును రెండు ముక్కలుగా చేసుకోక తప్పదు. తెల్లవారినప్పటి నుంచి పదింటి వరకు గుళ్లూ గుహలూ. పదింటి నుంచి నాలుగున్నర దాకా గది, భోజనం, కునుకు. ఆ తరువాత స్టేడియం. ఆట రోజు పొద్దుట చూసేది ఒక్క చోటే ఉండాలి. ఎలాగూ వచ్చాము కదా అని రెండో చోటు కలుపుకున్నారంటే, సాయంత్రానికి మీ నాన్నగారు స్టేడియం మెట్ల దగ్గరే కూలబడతారు.

ఏ ఆట అని అడిగితే నేను హాకీయే అంటాను. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, మధ్య విరామాలు, అన్నీ కలిపి గంటన్నర, మహా అయితే మరి కాసేపు. పిల్లలకు విసుగు పుట్టేలోపల, పెద్దలకు నడుము పట్టేసేలోపల ఆట అయిపోతుంది. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో 2018 లోనూ 2023 లోనూ పురుషుల ప్రపంచ కప్పు జరిగింది. 2018 ఫైనల్లో బెల్జియం నెదర్లాండ్స్‌ను, 2023 ఫైనల్లో జర్మనీ బెల్జియంను ఓడించాయి. రెండూ షూటౌట్‌దాకా వెళ్లిన ఆటలే.

అక్కడికి వెళితే ఆట మొదలవడానికి అరగంట ముందే కూర్చోమని మీ అబ్బాయికి చెప్పండి. నీలిరంగు టర్ఫ్ (కృత్రిమ పచ్చిక) చుట్టూ ఉన్న గొట్టాలు ఒక్కసారిగా నీళ్లు చిమ్ముతాయి. తడి లేకపోతే ఆ టర్ఫ్ మీద బంతి సాఫీగా పరుగెత్తదు, కింద పడ్డ ఆటగాడి చర్మం కాలినట్టు ఒరుసుకుపోతుంది. ఆ నీటి తుంపర్లు గాలి వాటుకు ముందు వరుసల మీదికి వచ్చినప్పుడు జనమంతా ఒక్కసారి హాయిగా నిట్టూరుస్తారు. పెనాల్టీ కార్నర్‌లో కొట్టిన బంతి గోలు లోపలి అడుగు చెక్కకు తగిలితే వచ్చే ఫెళ్లుమనే శబ్దం టీవీలో ఎన్నడూ అలా వినపడదు. గోలు అయిందని కన్ను చెప్పేలోపలే చెవి చెబుతుంది.

గుణుపురం కుర్రాడు (గుణుపురం)

బాబాయిగారి మాట కాదనే ధైర్యం నాకు లేదు గాని, ఆ అబ్బాయి మనసులో ఉన్నది క్రికెట్టేనని మొదటి టపా చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. కటక్ బారాబతి స్టేడియంలో 2017 జనవరి 19న ఇంగ్లండ్ మీద యువరాజ్ 150, ధోనీ 134 పరుగులు చేసిన రోజును మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే మైదానంలో 2025 ఫిబ్రవరిలో రోహిత్ శర్మ 119 కొట్టాడు. హాకీలో ఏది గోలు, ఏది ఫౌలు అని తేల్చుకునేలోపల ఆట అయిపోతుంది. క్రికెట్టులో అయితే ఓవరుకీ ఓవరుకీ మధ్య తాతగారికి మనవడు వివరించి చెప్పే తీరిక ఉంటుంది.

పైగా స్టేడియం పక్కనే బారాబతి కోట ఉంది. కోటలో ఇప్పుడు మిగిలినవి కందకం, ముఖద్వారం, పాత రాజభవనపు దిబ్బ మాత్రమే కాబట్టి చూడడానికి అరగంట చాలు. తీగపని దుకాణాలూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. అంటే కటక్‌లో ఒక్క రోజులో ఆట, కోట, నగలు అన్నీ అయిపోతాయి.

కొత్తబస్టాండు బాబాయి (బరంపురం)

తమ్ముడూ, లెక్క బాగానే ఉంది గాని ఆ రోజు గడియారం ఎలా తిరుగుతుందో చూడు. ఒకరోజు మ్యాచ్ మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది. తనిఖీలూ వరుసలూ దాటుకుని సీటు పట్టుకోవాలంటే పదకొండు గంటలకే బయట నిలబడాలి, అంటే నెత్తిన సూర్యుడు ఉన్న వేళే. ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. తీగపని దుకాణాలు ఎప్పుడు చూస్తారు? నువ్వు చెప్పిన 2025 ఆటలోనే ఫ్లడ్‌లైట్లు పనిచేయక ఆట మధ్యలో ఆగింది కూడా. 2015 అక్టోబరులో దక్షిణాఫ్రికా మీద మనవాళ్లు 92 పరుగులకే ఆలౌటైనప్పుడు జనం సీసాలు విసరడంతో ఆట ఆపవలసి వచ్చిన మైదానం కూడా అదే. ఆ జనసందోహంలోకి డెబ్బై దాటిన మనిషిని తీసుకువెళ్లమని నేను చెప్పలేను. ఆ రోజు పెద్దాయన్ని గదిలో ఉంచి, తండ్రీకొడుకులు ఇద్దరే వెళితే వేరే సంగతి.

జయపురం అత్తయ్య (జయపురం)

మగవాళ్లు ఆటల దగ్గరే ఆగిపోయారు కాబట్టి మిగతావి నేను రాస్తాను.

మహేంద్రతనయగారూ, గుడి లోపల రాతి నేల మీద చెప్పులు లేకుండా నడవాలి. పదింటికే ఆ రాయి అట్లపెనంలా కాలుతుంది. మేము వెళ్లినప్పుడు మా అత్తగారు నీడ కోసం గోడవారగా నడిచి, చివరికి రెండు అడుగుల ఎండ దాటలేక అక్కడే ఆగిపోయారు. నా దగ్గర తడిపిన తువ్వాలు ఉండబట్టి దాన్ని నేల మీద పరిచి ఆవిడను దాటించాము. కాబట్టి లింగరాజు దర్శనం సూర్యోదయం వేళకే పెట్టుకోండి. అక్కడికి దగ్గరలోనే ముక్తేశ్వరం ఉంది. పదో శతాబ్దానికి చెందిన ఆ చిన్న గుడి ముందరి రాతి తోరణం చూడకుండా రాకండి. పెద్దగా నడక ఉండదు, చెట్ల నీడ కూడా ఉంటుంది.

స్టేడియంలోకి సాధారణంగా సంచులు, నీళ్ల సీసాలు, అగ్గిపెట్టెలు, ఇంటి నుంచి తెచ్చుకున్న తినుబండారాలు రానివ్వరు. మీ నాన్నగారి మందులుంటే డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా చిన్న పారదర్శకమైన కవరులో పెట్టుకుని, గేటు దగ్గర ముందే చూపించండి. పులిహోర, పెరుగన్నం గదిలోనే తినేసి బయలుదేరాలి. సామాను రైల్వే క్లోక్‌రూములో పెట్టదలిస్తే సంచులకు తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. రైలు టికెట్టు ఉన్నవారికి స్టేషనులోనే విశ్రాంతి గదులు ఆన్‌లైనులో దొరుకుతాయి. మధ్యాహ్నపు ఎండ గడపడానికి, స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి అవి చాలు.

గది విషయంలో మాకు జరిగింది కూడా చెప్పాలి. హోటలు పేరు చెప్పను. ఆట ఉన్న రోజున మేము ముందే ఖాయం చేసుకున్న గదికి, ఈ రోజు ధర వేరు అని కౌంటరు దగ్గర రెట్టింపు అడిగారు. ఫోనులో ఇచ్చిన మాట తప్ప మా దగ్గర కాగితం ఏమీ లేదు. కాబట్టి ధర, తేదీ, గదిలో ఎంతమంది ఉంటారన్నది రాతలో తెప్పించుకోండి.

రుషికుల్య (బరంపురం)

మీ నాన్నగారు ధౌళి చూడాలనడం, మీ అబ్బాయి ఆట చూడాలనడం పొంతన లేని కోరికలుగా కనిపిస్తున్నాయి గాని, భువనేశ్వర్‌లో ఆ రెండింటికీ రెండు వేల ఏళ్లకు పైబడిన సంబంధం ఉంది.

ధౌళిలో, రాతిలో నుంచి బయటికి వస్తున్నట్టు చెక్కిన ఏనుగు ముందుభాగం కింద అశోకుడి శాసనాలు ఉన్నాయి. వాటిలో మొదటిది జంతుబలిని నిషేధిస్తూనే, జనం గుమిగూడి జరుపుకునే సమాజాలు కూడదని, వాటిలో రాజుకు చాలా దోషం కనబడుతోందని చెబుతుంది. వెంటనే, కొన్ని సమాజాలు మంచివేనని ఒక సడలింపు కూడా ఇస్తుంది. అదే ఊరికి మరో చివరనున్న ఉదయగిరి మీద హాథీగుంఫా అనే గుహ నుదుటి మీద కళింగ రాజు ఖారవేలుడి శాసనం పదిహేడు పంక్తులలో ఉంది. సింహాసనమెక్కిన మూడో ఏట రాజధాని ప్రజలను నాట్యంతో, పాటతో, వాద్యాలతో, ఉత్సవాలతో, సమాజాలతో అలరించానని ఆయన అందులో గర్వంగా చెప్పుకున్నాడు. ఆ ప్రదర్శనల్లో మల్లయుద్ధం వంటి పోటీ కూడా ఉందని కొందరు పండితులు అర్థం చెప్పారు. జనం గుంపును చూసి ఒక రాజు జంకాడు, మరొక రాజు ఆ గుంపును తన ఖర్చుతో పోషించాడు. ఇద్దరి మాటలూ ఒకే ఊరికి రెండు కొసల్లో రాళ్ల మీద ఉన్నాయి. పొద్దుట హాథీగుంఫా ముందు నిలబడి ఈ సంగతి చెబితే, సాయంత్రం స్టేడియంలో హోరెత్తే జనాన్ని మీ అబ్బాయి మరో కంటితో చూస్తాడని నా నమ్మకం.

ఆచరణకు వస్తే, ఉదయగిరి, ఖండగిరి రెండు కొండలూ ఎదురెదురుగా రోడ్డుకు చెరోవైపున ఉంటాయి. మీ నాన్నగారికి ఉదయగిరి చాలు. కింది భాగంలోనే రాణిగుంఫా ఉంది. రెండు అంతస్తులలో చెక్కిన బొమ్మలను ఆయన మెట్లు ఎక్కువగా ఎక్కకుండానే చూడవచ్చు. హాథీగుంఫాకు మాత్రం కొంత ఎక్కాలి. ఖండగిరి మీద కొండముచ్చుల బెడద ఉంటుంది, చేతిలో తినేది ఏదీ కనబడనివ్వకండి. కళింగ స్టేడియం అక్కడికి దూరమేమీ కాదు, కాబట్టి ఆట రోజు పొద్దుటికి ఉదయగిరిని, ఆట లేని రోజుకు లింగరాజు, ముక్తేశ్వరం, ధౌళిలను ఉంచుకోండి.

మజ్జిగౌరి (రాయగడ)

అందరూ ఉత్తరం వైపే లాగుతున్నారు గనుక దక్షిణం తరఫున నేను మాట్లాడతాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో భువనేశ్వర్‌లో అంతర్జాతీయ హాకీ దొరకడం కష్టం. ఇటీవలి సంవత్సరాల్లో ప్రో లీగ్ ఆటలు అక్కడ ఫిబ్రవరిలో జరిగాయి. ఎండాకాలంలో పెద్ద క్రికెట్టు అంటే ఐపీఎల్లే. ఒకప్పుడు డెక్కన్ ఛార్జర్స్ వారు 2010, 2012 సంవత్సరాల్లో కటక్‌ను కూడా తమ సొంత మైదానాల్లో ఒకటిగా వాడుకున్నారు గాని, ఆ జట్టే ఇప్పుడు లేదు. విశాఖలో మాత్రం 2024 లోనూ 2025 లోనూ ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు సీజను మొదట్లోని తమ ఆటలు కొన్ని ఆడింది. 2025 మార్చి 24న లక్నో మీద ఒకే ఒక్క వికెట్టు మిగిలి ఉండగా ఢిల్లీ గెలిచింది అక్కడే. ఈ ఏడాది ఆటలు ఎక్కడ పడతాయో షెడ్యూలు వచ్చాకే తెలుస్తుంది. వచ్చిన రోజునే చూడండి.

స్టేడియం మధురవాడ దగ్గర పి.ఎం. పాలెంలో, ఊరికి ఉత్తరాన జాతీయ రహదారి పక్కన ఉంది. ఆట రాత్రి ఏడున్నరకు మొదలై ముగిసేసరికి పదకొండున్నర అవుతుంది. ఆ వేళకు ముసలాయనతో రైల్వే స్టేషను దాకా ఆటో వెతుక్కోవడం నరకం. అందుకని స్టేషను దగ్గర గాక, మధురవాడ, రుషికొండ వైపునే గది తీసుకోండి. అప్పుడు పొద్దుట తొట్లకొండ కూడా దగ్గరే. సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఆ బౌద్ధారామం 1970లలో నౌకాదళం వారి సర్వేలో బయటపడింది. నీడ తక్కువ, కాబట్టి తొమ్మిదిలోపే దిగిరావాలి. మీ నాన్నగారికి లింగరాజుకు బదులు సింహాద్రి అప్పన్న ఉన్నాడు. అయితే అక్షయ తృతీయ నాటి చందనోత్సవం దరిదాపుల్లో మాత్రం వెళ్లకండి, ఆ రోజు కొండ మీదా కొండ కిందా అడుగు తీసి అడుగు వేయలేరు.

బీచిరోడ్డులో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఓడ. అబ్బాయికి చాలా నచ్చుతుంది గాని, లోపలి గుండ్రటి ద్వారాల గుండా వంగి కాలు ఎత్తి దాటాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి కుదరదు. సోమవారం సెలవు.

గుణుపురం కుర్రాడు (గుణుపురం)

అక్కగారు చెప్పిన మైదానంలోనే 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. అబ్బాయికి ఈ ఒక్క మాట చెబితే చాలు, తొట్లకొండ కూడా నోరెత్తకుండా ఎక్కుతాడు.

ఉక్కునగరం (గుణుపురం, ఉద్యోగరీత్యా రౌర్కెలాలో ఉన్నవాడిని)

రౌర్కెలా ప్రస్తావన ఎవరూ తేలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. 2023 ప్రపంచ కప్పు కోసం కట్టిన బిర్సా ముండా స్టేడియంలో ఇరవై వేలమంది కూర్చోవచ్చు. పూర్తిగా కుర్చీలున్న హాకీ మైదానాల్లో అది ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్‌లో నమోదైంది. అక్కడ భారత్ ఆడిన మొదటి ఆటలో స్పెయిన్ మీద మొదటి గోలు కొట్టింది ఆ సుందర్‌గఢ్ జిల్లా బిడ్డ అమిత్ రోహిదాసే. ఆ క్షణాన లేచిన హోరు వర్ణించడం నా వల్ల కాదు. గుణుపురం నుంచి రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్సులో నేరుగా వెళ్లవచ్చు.

అయితే ఏప్రిల్‌లో మాత్రం వద్దు. అది ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు, ఎండాకాలంలో పగలు బయట చూడదగినవి హనుమాన్ వాటిక, వేదవ్యాస్ వంటివి ఒకటి రెండే. ఆట లేకుండా అంత దూరం ప్రయాణం పెట్టుకోవడం దండగ. 2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయింది కూడా ఆ మైదానంలోనే. అలాంటి ఆట ఉన్నప్పుడు, చలికాలంలో రండి.

జయపురం అత్తయ్య (జయపురం)

ఉక్కునగరంగారూ, హైదరాబాదు జట్టు, కళింగ జట్టు ఎదురెదురుగా ఆడితే మీ చప్పట్లు ఎవరికి? 2022లో అల్టిమేట్ ఖో ఖో ఫైనల్ చూస్తున్నప్పుడు మా ఇంట్లో ఇదే గొడవ. ఒడిశా జగర్‌నాట్స్ తెలుగు యోధాస్ మీద 46-45 తేడాతో గెలిచింది. మా వారు తెలుగువైపు, పిల్లలు ఒడిశావైపు. ఆ పూట అన్నాలు కూడా విడివిడిగానే తిన్నారు.

ఉక్కునగరం (గుణుపురం, ఉద్యోగరీత్యా రౌర్కెలాలో ఉన్నవాడిని)

అమ్మా, ఆటగాళ్లలో మా జిల్లా కుర్రాడు ఏ వైపు ఉంటే ఆ వైపు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు ఇంట్లో చదివి వినిపించాను. అబ్బాయి విశాఖ అంటున్నాడు. నాన్నగారు, రుషికుల్యగారు రాసింది విన్న తరువాత, ధౌళితో పాటు హాథీగుంఫా కూడా చూసి తీరాలంటున్నారు. మా ఆవిడ మాత్రం ఎండాకాలం వద్దు, దసరా సెలవుల్లో రెండూ కలిపి వెళదామని కొత్త ప్రతిపాదన పెట్టింది. అప్పటికి ఎండ తగ్గుతుంది, భారత జట్టు స్వదేశంలో ఆడే కాలం కూడా అదే కదా అన్నది ఆమె వాదన. దీనిపై మీ అభిప్రాయం చెప్పండి.

కొత్తబస్టాండు బాబాయి (బరంపురం)

అమ్మాయి చెప్పిన దాంట్లో సబబు ఉంది గాని, మన తీరంలో అక్టోబరు అంటే తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి మన బరంపురంలో ఎలా గడిచిందో మరచిపోయినవారు లేరు. అదే నెల 26న కటక్‌లో ఆస్ట్రేలియాతో జరగవలసిన మ్యాచ్ వర్షం వల్ల ఒక్క బంతి కూడా పడకుండా రద్దయింది. మరుసటి ఏడు, సరిగ్గా అక్టోబరు 12నే హుద్‌హుద్ విశాఖను తాకింది, 14న అక్కడ వెస్టిండీస్‌తో జరగవలసిన మ్యాచ్ ఎగిరిపోయింది. అలాగని ప్రతి ఏడూ ఇలాగే జరుగుతుందని కాదు. 2025 అక్టోబరులో విశాఖలోనే మహిళల ప్రపంచ కప్పు ఆటలు చక్కగా జరిగాయి, భారత్ పెట్టిన 331 పరుగుల లక్ష్యాన్ని ఆస్ట్రేలియా ఛేదించింది ఆ మైదానంలోనే. దసరాకు వెళ్లదలిస్తే ఆటను ప్రయాణంలో మొదటి రోజున గాక రెండో రోజున ఉండేలా చూసుకోండి, వాతావరణ కేంద్రం హెచ్చరిక వస్తే మొదటి రోజే వెనక్కి తిరగవచ్చు. టికెట్టు డబ్బు ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారో కొనేముందే చదువుకోండి. అదనంగా కట్టించుకున్న రుసుము చాలాసార్లు వెనక్కి రాదు.

రుషికుల్య (బరంపురం)

తుపాను మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఖారవేలుడు ఆటపాటలు జరిపించింది మూడో ఏట. అంతకు ముందు, మొదటి ఏట ఆయన చేసిన పని గాలివానకు దెబ్బతిన్న నగర ద్వారాలను, ప్రాకారాలను, ఇళ్లను బాగుచేయించడం. అదీ అదే శాసనంలో ఉంది.

మజ్జిగౌరి (రాయగడ)

దసరా దాకా ఆగనక్కరలేదని నా ఉద్దేశం. బాబాయిగారు చెప్పినట్టు తేదీ ముందు, ఊరు తరువాత. ఐపీఎల్ షెడ్యూలులో విశాఖకు శనివారమో ఆదివారమో పడితే ఈ వేసవికి విశాఖ. అప్పన్న దర్శనం, తొట్లకొండ, ఒక ఆట. పడకపోతే భువనేశ్వర్‌కే వెళ్లండి, కాని క్రికెట్టు కోసం కాదు. కళింగ స్టేడియంలో ఎండాకాలంలో కూడా అథ్లెటిక్స్, ఫుట్‌బాల్ జరిగిన సందర్భాలున్నాయి. 2024 మే నెలలో ఫెడరేషన్ కప్పు పోటీల్లో నీరజ్ చోప్రా 82.27 మీటర్లు విసిరి గెలిచింది అక్కడే. 2023 జూన్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు ఫైనల్లో మన ఫుట్‌బాల్ జట్టు లెబనాన్‌ను 2-0 తేడాతో ఓడించింది కూడా అక్కడే. ఈటె గాలిలో ఉండగా స్టేడియమంతా ఊపిరి బిగపట్టి చూడడం క్రికెట్టు పిచ్చి ఉన్న పిల్లవాడికైనా నచ్చకపోదు. వేసవి సాయంత్రాల్లో కాలవైశాఖి గాలివాన ఉన్నట్టుండి వస్తుంది కాబట్టి పైకప్పు ఉన్న వైపు సీట్లే తీసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మజ్జిగౌరిగారి మాట ఇంట్లో అందరికీ నచ్చింది. షెడ్యూలు రాగానే చూసి, శనివారం ఆట విశాఖలో పడితే శుక్రవారం పొద్దుట పలాసలో వందే భారత్ ఎక్కుతాము. శుక్రవారం సాయంత్రం సముద్రం, శనివారం పొద్దుట తొట్లకొండ, రాత్రి ఆట, ఆదివారం పొద్దుట సింహాచలం, మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. కురుసుర చూడడం శుక్రవారమే పెట్టుకుంటాము, నాన్నగారు బయట బెంచీ మీద కూర్చుంటారు. విశాఖలో పడకపోతే భువనేశ్వర్‌లో అప్పటికి ఏ ఆట ఉంటే అది. విశాఖే ఖాయమైతే ధౌళి, హాథీగుంఫా, కటక్ తీగపని ఫిబ్రవరికి వాయిదా. అప్పుడు ప్రో లీగ్ హాకీ ఉంటే బాబాయిగారు చెప్పిన ముందు వరుసలోనే కూర్చుంటాము. ఇందులో లోపమేమైనా కనిపిస్తే చెప్పండి.

కొత్తబస్టాండు బాబాయి (బరంపురం)

ఒక్కటే లోపం. శనివారం రాత్రి మీరు గది చేరి పడుకునేసరికి ఒంటిగంట అవుతుంది. ఆదివారం పొద్దుట సింహాచలంలో రద్దీ ఎక్కువ, తిరుగు రైలు మధ్యాహ్నమే. ఈ మూడూ కలిస్తే మీ నాన్నగారికి ఊపిరి సలపదు. అప్పన్న దర్శనాన్ని శుక్రవారం సాయంత్రానికి మార్చుకుని, సముద్రాన్ని ఆదివారానికి ఉంచండి.

జయపురం అత్తయ్య (జయపురం)

శుక్రవారం సాయంత్రం కొండ మీదికి వెళ్లేముందు దర్శనం వేళలు ఒకసారి దేవస్థానం వారిని అడిగి తెలుసుకోండి. ఫిబ్రవరిలో కటక్ వెళ్లినప్పుడు తీగపని వస్తువు కొంటే బరువు తూచి, వెండి బరువెంత, కూలి ఎంత అన్నది బిల్లులో విడివిడిగా రాయించుకోమని మీ ఆవిడకు చెప్పండి.